ఒక్క పిన్నే కదా!

“ఆ మోడలు ప్రాసెసరు తయారీయే ఆపేశారట. ఎక్కడైనా పాతది దొరికితే పంపిస్తారట. ఎంత లేదన్నా పదిహేను రోజులట.”

లెక్కల మాస్టారు ఫోను జేబులో వేసుకుని ముందుగదిలో ఉన్నవాళ్ళ ముఖాలు వరసగా చూశాడు. భార్య ముఖం, చెల్లెలి ముఖం, ఆఖరికి చూడకూడదనుకుంటూనే గుమ్మంలో స్టూలు మీద కూర్చున్న తండ్రి ముఖం.

“పదిహేను రోజులా!” చెల్లెలు దిగ్గున లేచింది. “నాకున్నది ఇవాళ నాలుగింటి దాకా అన్నయ్యా! నాలుగింటికి బడి ప్లాను కమిటీ వాళ్ళ ముందు పెట్టాలి. పెట్టలేదా, ఆ పని ఇంకొకళ్ళకి పోతుంది. మూడు నెలలు కళ్ళు పోయేలా కూర్చుని గీశాను.”

“మీ ఆఫీసు కంప్యూటర్లో తెరవచ్చు కదా?”

“తెరిచాను. సగం దాకా వచ్చి బిగుసుకుపోయింది. అంత పెద్ద బొమ్మ మొయ్యడం దాని వల్ల కాదు. నా మిషనే కావాలి. నా మిషనేమో...”

మిగతా మాట మింగేసింది. మింగిన మాట ఎవరికి తగలాలో వాళ్ళకి తగలనే తగిలింది. గుమ్మంలో ముసలాయన తల వంచుకున్నాడు.

కట్టడాల ప్లాన్లు గీయడం ఆమె ఉద్యోగం. చిన్నప్పుడు గోడలన్నీ గీతలు గీసి తన్నులు తిన్నది కూడా ఆమే. అందుకని ఆయన కూతుర్ని ఏనాడూ పేరు పెట్టి పిలవలేదు, గీతలమ్మా అనే పిలుస్తాడు. ఆ గీతలమ్మ సోమవారం నుంచి ఈ గురువారం దాకా కన్నతండ్రితో ఒక్క మాట మాట్లాడలేదు.

ఇదంతా వింటూ బల్ల దగ్గర కూర్చున్న కోడలు స్క్రూడ్రైవరుని గుడ్డతో తుడుస్తోంది. అది తుడిచి అప్పటికి పావుగంటయింది. అయినా తుడుస్తూనే ఉంది.

ఆ వీధిలో ఆమెని అందరూ కంప్యూటరమ్మ అంటారు. చెడిపోయిన కంప్యూటరుందంటే చాలు, “ఆవిడ చెయ్యి పడితే లేచి కూర్చుంటుంది” అని వేలు పెట్టి ఆ ఇల్లు చూపిస్తారు. ఆ మాట ఊరంతా చాటింది ఎవరనుకున్నారు, సాక్షాత్తూ ఆడపడుచే! వచ్చే గిరాకీలో సగం గీతలమ్మ పంపినవాళ్ళే. ఆడపడుచులు వదినల్ని సాధించే ఇళ్ళు ఎన్నో ఉంటాయి. ఈ ఇంట్లో ఆడపడుచు పొగిడి పొగిడి వదిన నోరు నొక్కేసింది.

బల్ల మీద, స్టీలు డబ్బా మూతలో పరిచిన స్పాంజి మీద, కంప్యూటరుకి మెదడు లాంటి ఆ ప్రాసెసరు వెల్లకిలా పడుంది. అరచేతిలో పట్టే పలకముక్క. వీపంతా బ్రష్షుకి పళ్ళున్నట్టు పదమూడొందల పైచిలుకు పిన్నులు, బంగారు రంగులో. ఒక మూలన ఒక్కటి లేదు.

“వదినా,” గీతలమ్మ గొంతు తగ్గించింది. “ఒక్క పిన్నే కదా! పెట్టి చూడకూడదా?”

“బోర్డు కూడా పోతుందేమోనని...” కోడలి మాట ఆమెకే వినబడలేదు.

“పోతే పోనీ. ఎటూ సాయంత్రం దాటితే నాకా మిషన్‌తో పన్లేదు.”

“అదే నేనూ అంటున్నాను,” అని మాస్టారు తండ్రి వైపు తిరిగాడు. మూడు రోజులుగా ఉడుకుతున్నది మళ్ళీ బయటపడింది. “నాన్నా, నీ చేతులు ఎలా ఉన్నాయో నీకు తెలీదా? ముద్ద నోటికి పోయేలోగా సగం కింద పడుతోంది కదా! దాని జోలికెందుకు వెళ్ళావు? ఎవరు రమ్మన్నారు నిన్ను?”

“అన్నయ్యా!” గీతలమ్మ కసిరింది. “ఎన్నిసార్లంటావు? ఆయన విన్నాడు కదా.”

“నువ్వు మాట్లాడటం మానేశావు. నేను మాట్లాడుతున్నాను. రెంటిలో ఏది నయమో నువ్వే చెప్పు.”

గీతలమ్మ గోడ గడియారం వైపు చూసింది.

ముసలాయన మెల్లగా అన్నాడు. “తప్పే నాయనా. వంగినట్టు కనిపిస్తే నిలబెడదామనుకున్నాను. నలభై ఏళ్ళు గడియారాలు బాగుచేసిన చెయ్యి కదా, మాట వింటుందనుకున్నాను.”

కోడలి చేతిలో స్క్రూడ్రైవరు ఆగిపోయింది. భూమి రెండుగా చీలి తనని మింగేస్తే బాగుండుననుకుంది. భూమికి అంత తీరికెక్కడిది!

ఎందుకంటే ఆ పిన్ను విరిచింది ఆయన కాదు. తను.

ప్రాసెసరు మీద ఫ్యాను దిమ్మ కూర్చుంటుంది. రెంటికీ మధ్య పేస్టు పూస్తారు. ఏళ్ళు గడిచేసరికి ఆ పేస్టు ఎండి బంకలా పట్టేస్తుంది. అందుకని విప్పేముందు మిషన్ని పది నిమిషాలు నడిపించి, వేడికి పేస్టు మెత్తబడ్డాక, దిమ్మని అటూ ఇటూ తిప్పుతూ ఊడదీయాలి. తిన్నగా పైకి లాగితే ప్రాసెసరు కూడా దాన్నంటుకుని సాకెట్‌లోంచి లేచొస్తుంది. ఈ సంగతి కోడలికి తెలీదా? తెలియకపోవడమేం, పని నేర్చుకోవడానికి వచ్చిన ప్రతివాళ్ళకీ మొదటిరోజు చెప్పే పాఠమే అది. బల్ల ఎదురుగా గోడ మీద కాగితం కూడా అంటించి ఉంది. “చల్లగా ఉండగా లాగరాదు.” మాట ఆమెది, గుండ్రటి దస్తూరీ మామయ్యది.

సోమవారం పొద్దున, దుమ్ము తుడిచి పేస్టు మార్చమని గీతలమ్మ ఇచ్చిన మిషన్ విప్పుతూ, ఆమె సరిగ్గా ఆ కాగితం కిందే కూర్చుని, ఫోను చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకుని, ఎవరో గిరాకీతో “అయ్యో, అదెంత పనండీ, నాకు కళ్ళు మూసుకుని చేసే పని” అంటూ చల్లటి దిమ్మని ఒక్క గుంజు గుంజింది. గుంజేసరికి ప్రాసెసరు దిమ్మతో సహా చేతిలోకొచ్చింది. మూలన ఆరేడు పిన్నులు వంగి పడుకున్నాయి.

గుండెలు చిక్కబట్టుకుని ట్వీజరుతో ఒక్కొక్కటే లేపింది. ఆఖరిది నిలబడ్డట్టే నిలబడి పుటుక్కుమంది. ఆ నలుసుని పారేయలేక టేపు ముక్క మీద అంటించుకుంది. అంతలో వీధి తలుపు దగ్గర పార్సెలు అబ్బాయి సంతకం కోసం కేకేశాడు. వెళ్ళింది. తిరిగొచ్చేసరికి బల్ల దగ్గర మామయ్య ఉన్నాడు. కంటికి భూతద్దం, చేతిలో ట్వీజరు, ఎదురుగా ప్రాసెసరు. వెనకాల మాస్టారూ గీతలమ్మా.

“నాన్నా! ఏం చేశావు? ఒక పిన్ను లేదేంటి?”

ఆయన తన వేళ్ళని ఎవరి వేళ్ళో అన్నట్టు చూసుకున్నాడు. “ఒకటి కాస్త ఒరిగినట్టుంటే ముట్టుకున్నానమ్మా. నేనే... విరిచినట్టున్నాను.”

చెప్పాలనే నోరు తెరిచింది. ఒట్టు, చెప్పాలనే తెరిచింది. కానీ గీతలమ్మ గభాలున వచ్చి ఆమె చెయ్యి పట్టుకుని “వదినా, నువ్వు నాలుగు నిమిషాలు అటు వెళితే ఇలా అయిందేంటి, నీ చేతిలో ఉంటే ఇలా జరిగేదా?” అనేసింది. తెరిచిన నోరు మూతబడింది. టేపు ముక్కని ఫోను కవరు వెనక దాచింది. తేలు కుట్టిన దొంగలా అప్పట్నుంచీ అలాగే ఉండిపోయింది.

ఆ సాయంత్రమే మాస్టారు తండ్రితో “ఇక ఆ బల్ల దగ్గరికి వెళ్ళకు నాన్నా” అని చెప్పేశాడు. మంగళవారం పొద్దున మామయ్య కాఫీ సగం గ్లాసే పోయమన్నాడు. బుధవారం గ్లాసుని రెండు చేతులతో పట్టుకున్నాడు. అది చూసిన దగ్గర్నుంచీ కోడలికి ముద్ద మింగుడు పడలేదు. అయినా చెప్పిందా? లేదు. రేపు చెబుదామనుకుంది. రేపు వచ్చి వెళ్ళిపోయింది.

“వదినా, పెడతావా లేదా?”

కోడలు ఉలిక్కిపడింది. “పెడతాను.”

ప్రాసెసరు కూర్చునే బోర్డు ముందుకి లాక్కుంది. సాకెట్ పక్కన మీట ఎత్తి, మూలనున్న గుర్తు చూసుకుని, ప్రాసెసరుని వదిలింది. నొక్కే పని లేకుండా అది తన గుంటల్లోకి తనే దిగింది. మీట దించింది. పేస్టు పూసి, ఫ్యాను బిగించి, తీగలన్నీ తగిలించేసరికి పది నిమిషాలు పట్టింది. గుమ్మంలోంచి మామయ్య మెడ చాచి చూస్తున్నాడు గానీ గడప మాత్రం దాటలేదు.

“మామయ్యా, లోపలికి రండి,” అంది కోడలు.

“వద్దులేమ్మా. ఇక్కణ్ణుంచి బాగానే కనిపిస్తోంది.”

కనిపించదని ఆమెకి తెలుసు. ఆయనకి దూరపు చూపు ఆనదు, పైగా ఫ్యాను దిమ్మ అడ్డం.

స్విచ్చి వేసింది. ఫ్యాను తిరిగింది. ఆగింది. గీతలమ్మ అన్నయ్య భుజం గట్టిగా పట్టుకుంది. ఫ్యాను మళ్ళీ తిరిగింది. నల్లటి తెర మీద మొదట ఒక గీత, ఆ వెనకే అక్షరాలు.

“వచ్చింది!” గీతలమ్మ చిన్నపిల్లలా ఎగిరింది. “వచ్చిందే! అన్నయ్యా, చూడు! ఒక్క పిన్ను లేకపోయినా పనిచేస్తుందన్నమాట!”

“వెయ్యికి పైనుంటే ఒకటి పోతే ఏమైంది, శాతంలో కూడా రాదు,” అన్నాడు మాస్టారు, ఆ లెక్క మొదట్నుంచీ తనకి తెలిసినట్టు.

కోడలు మాత్రం తెర మీద మూలన ఉన్న అంకెని చూస్తోంది. ర్యామ్, అంటే మిషన్ పని చేసుకునే జ్ఞాపకశక్తి, ముప్పై రెండు జీబీ ఉండాలి. పదహారే చూపిస్తోంది. రెండు ర్యామ్ కార్డుల్లో ఒకటి కనపడటం లేదు. విరిగిన పిన్ను ఆ కార్డుకి వెళ్ళే దారిది. కొన్ని పిన్నులు పోయినా ఏమీ కాదు, ఒకే పని నాలుగైదు పిన్నులు పంచుకుంటాయి. ఇంకొన్ని పోతే అసలు వెలగదు. ఇది మధ్యరకం. పనిచేస్తుంది, సగం.

“ఒక్క నిమిషం. ఒక తీగ వదులుగా ఉంది,” అని స్విచ్చి తీసేసింది.

తీగలన్నీ గట్టిగానే ఉన్నాయి. కనపడని కార్డుని పీకి, మొదటి కార్డు పక్కనున్న స్లాట్‌లోకి మార్చింది. మళ్ళీ స్విచ్చి వేసింది. ముప్పై రెండు. ఇప్పుడు రెండు కార్డులూ ఒకే దారిలో వెళ్తాయి, కాస్త నిదానంగా. అంతే. ఇక ఎవరికీ తెలియదు. సోమవారం నాటిది పొరపాటున విరిగింది. ఇవాళ్టిది కళ్ళు తెరుచుకుని చేసింది.

బడి ప్లాను తెరుచుకుంది. గదులూ మెట్లూ వరండాలూ తెల్లటి గీతల్లో ఒకటొకటే నిలబడ్డాయి. గీతలమ్మ కళ్ళు తుడుచుకుని వదిన మెడ చుట్టూ చేతులు వేసింది.

“నేను చెప్పలేదా? నీ చెయ్యి పడితే చాలు!”

కోడలికి తల కొట్టేసినట్టయింది.

ఆ సంబరంలోనే గీతలమ్మ గుమ్మం వైపు తిరిగి, మూడు రోజుల తర్వాత మొదటి మాట మాట్లాడింది. “పోన్లే నాన్నా. నువ్వు విరిచినా పనిచేసింది. ఇక నీ మీద నాకు కోపం లేదు.”

ముసలాయన ముఖం విప్పారింది. బడిలో గోడకుర్చీ వేయించుకున్న పిల్లాణ్ణి మాస్టారు ఇక కూర్చోమన్నట్టు, అంత సంతోషపడ్డాడు పాపం! “అమ్మయ్య,” అన్నాడు. “బతికించావు తల్లీ. మూడు రోజుల్నుంచి నా ప్రాణం నా దగ్గర లేదు.”

లేచి లోపలికి వెళ్ళాడు. తిరిగొచ్చేటప్పుడు చేతిలో చిన్న రేకు డబ్బా ఉంది. ఈసారి గడప దాటాడు, ఒకే ఒక్క అడుగు.

“ఇది నీ దగ్గర ఉంచమ్మా.”

డబ్బా తెరవక్కర్లేకుండానే అందులో ఏముందో కోడలికి తెలుసు. ఆయన కంటికి బిగించుకునే భూతద్దం. పెళ్ళైన కొత్తలో, బీయే చదివిన పిల్ల చేతికి స్క్రూడ్రైవరు ఏమిటని అందరూ నవ్వుతుంటే, ఆవగింజలో సగం ఉండే గడియారం మరల్ని ట్వీజరుతో పట్టడం నేర్పింది ఆయనే. “ఊపిరి వదిలాక పట్టుకోవాలమ్మా, పీల్చేటప్పుడు కాదు” అని చెప్పింది ఆయనే. ఆ భూతద్దం ఇంకొకళ్ళ కంటికి పెట్టనిచ్చేవాడు కాదు.

“ఎందుకు మామయ్యా ఇది?”

“నాకు ఇక దీంతో ఏం పని? వాడు చెప్పింది నిజమే. ఈ చేతులకి ఇంక ఏదీ అప్పగించకూడదు. ఇవాళంటే అదృష్టం బాగుండి పనిచేసింది. రేపు ఇంకేం విరుస్తానో! మిగతా సామాను వీధి చివర గడియారాలాయనకి ఇచ్చేస్తానని చెప్పాను. మధ్యాహ్నం వస్తాడు.”

“అదీ మంచిదే,” అన్నాడు మాస్టారు, నొప్పించకుండా. “తీసుకోవోయ్, అంత ప్రేమగా ఇస్తున్నారు.”

డబ్బా ఆయన చేతిలో గలగలలాడుతోంది. చెయ్యి చాచి అందుకుంటే అయిపోతుంది. మిషన్ వెలిగింది, ప్లాను తెరుచుకుంది, కోపాలు చల్లారాయి. ఒక్క డబ్బా అందుకుంటే ఇక ఈ సంగతి ఈ ఇంట్లో ఎవరూ ఎత్తరు.

కోడలు చేతులు రెండూ వెనక్కి పెట్టుకుంది.

“విరిచింది మీరు కాదు మామయ్యా.”

“ఏంటమ్మా?”

“నేను. మీరు రాకముందే విరిగింది. వంగినవి లేపుతుంటే నా చేతిలో విరిగింది. మీరు ముట్టుకున్నప్పటికే అది లేదు.” ఇక ఆగితే మళ్ళీ మొదలుపెట్టలేనని ఆమెకి తెలుసు. “ఇప్పుడు కూడా అబద్ధమే చెప్పాను. తీగ వదులుగా లేదు. ర్యామ్ సగమే కనిపిస్తుంటే కార్డు మార్చి పెట్టాను. నడుస్తుంది, కానీ ఇదివరకటంత వేగంగా నడవదు.”



మాస్టారు గోడ మీది కాగితం చదువుతూ నిలబడ్డాడు. ముద్ద కింద పడుతోందని తండ్రిని అన్న మాట ఇప్పుడు తన గొంతుకే అడ్డం పడినట్టుంది.

గీతలమ్మ వదిన మెడ మీది చెయ్యి తీసేసింది. “మూడు రోజులు వదినా,” అంది. అరిచినా బాగుండేది, అరవలేదు. “మూడు రోజులు నేను మా నాన్నతో మాట్లాడలేదు. నిన్న నన్ను అన్నం తిన్నావా అని అడిగితే మొహం తిప్పుకున్నాను. నువ్వు పక్కనే ఉన్నావు. వడ్డిస్తున్నావు.”

“తప్పయిపోయింది. ఎలా చెప్పాలో...”

“నాకు కాదు చెప్పాల్సింది.”

కోడలు మామయ్య వైపు చూడటానికి చాలాసేపు పట్టింది. చూసేసరికి ఆయన ఆమెని చూడటం లేదు. ఆయన కూడా గోడ మీద తన దస్తూరీనే చూస్తున్నాడు.

“చల్లగా ఉండగానే లాగావా?”

“అవును మామయ్యా.”

“ఎందుకు?”

“ఫోన్లో మాట్లాడుతున్నాను. గొప్పలు చెప్పుకుంటున్నాను.”

ఆయన తలూపాడు. పనివాడు ఇంకో పనివాడి తప్పు విన్నట్టు విన్నాడు. అంతవరకూ బాగానే ఉంది. ఆ తర్వాత ఆయన గొంతు మారింది.

“నిన్న పొద్దున గడ్డం గీసుకోలేదు నేను. చూశావో లేదో. బ్లేడు పట్టుకుంటే ఏం కోసుకుంటానో అని భయపడ్డాను. ఈ చేతుల్ని తిట్టుకున్నానమ్మా, గట్టిగా, గది తలుపేసుకుని. ఇన్నేళ్ళు కూడు పెట్టిన చేతుల్ని.”

కోడలు ఏడుస్తోంది. “క్షమించండి మామయ్యా” అనబోయింది గానీ ఆ మాట మరీ చవగ్గా తోచి గొంతులోనే ఆగిపోయింది.

“లే,” అన్నాడాయన.

“ఆఁ?”

“ఆ కుర్చీలోంచి లే.”

లేచింది. ఆయన వచ్చి బల్ల ముందు కూర్చున్నాడు. రేకు డబ్బా తెరిచి భూతద్దం కంటికి బిగించుకున్నాడు.

“నాన్నా, ఇప్పుడెందుకు...” మాస్టారు కదిలాడు. గీతలమ్మ చెయ్యి అడ్డం పెట్టింది.

“విరిగిన ముక్క ఏది? ఈ చేతులు దాన్ని పట్టగలవో లేదో చూస్తాను.”

కోడలు ఫోను కవరు ఊడదీసింది. టేపు ముక్క తీసి తెల్ల గుడ్డ మీద పెట్టింది. దాని మధ్యలో కంటికి ఆనీ ఆనకుండా బంగారు రంగు నలుసు. మూడు రోజులు అది అక్కడే, ఆమె అరచేతికి ఆనుకునే ఉంది.

ముసలాయన ట్వీజరు తీసుకున్నాడు. ఊపిరి పీల్చి, వదిలి, కొన కిందికి దించాడు. కొన ఆ నలుసుకి అటు పడింది. మళ్ళీ ఎత్తి దించాడు. ఇటు పడింది. చెయ్యి నిజంగానే వణుకుతోంది. ఆ వణుకు ఆమె అబద్ధం వల్ల వచ్చిందీ కాదు, నిజం చెప్పినందుకు ఆగేదీ కాదు. మూడోసారి ట్వీజరు కొన బల్ల మీద టకటకా కొట్టుకుంది. ఆ చప్పుడు నలుగురికీ వినపడింది.

కోడలు ఉండబట్టలేక చెయ్యి ముందుకు చాచింది. “నేను తీసిస్తాను మామయ్యా.”

ఆయన భూతద్దంలోంచి కన్ను ఎత్తలేదు.

“నువ్వు ముట్టుకోకు,” అన్నాడు.

మళ్ళీ ఊపిరి వదిలాడు.